తెగిన చోటి నుంచే

ఐదు జీబీల ఫైలు రాత్రి డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకుంటారు. పొద్దున లేచి చూస్తే 91 శాతం దగ్గర ‘ఫెయిల్డ్’. నెట్ కంపెనీని నాలుగు మాటలనేసి, అదే లింకు మళ్లీ నొక్కి, సున్నా నుంచి మొదలు. మర్నాడూ అదే తంతు. మూడో రోజుకి ‘మన ఊళ్లో నెట్ ఇంతే’ అన్న వైరాగ్యం.

ఓపిక పట్టండని నేను చెప్పను. ఓపిక మీద ఉపన్యాసాలు మనకి అవసరానికి మించే ఉన్నాయి. సున్నా నుంచి పదిసార్లు మొదలుపెట్టగల ఓపికమంతుడికీ ఆ ఫైలు దిగదు. ముందు కావలసింది ఏర్పాటు. లైను తెగుతుందని ముందే లెక్కలో వేసుకుని, తెగినా నష్టం తక్కువగా ఉండేలా పనిని అమర్చుకోవాలి. ఇది వచ్చినవాళ్లకి నాసిరకం నెట్‌తోనూ పని జరుగుతుంది.

ఈ విద్యలో ఆరితేరినవాళ్ల కథ ఒకటి చెప్పుకోవాలి. నాసా పంపిన న్యూ హొరైజన్స్ వ్యోమనౌక 2006 జనవరిలో బయల్దేరి, తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణించి, 2015 జులై 14న ప్లూటో పక్కనుంచి దూసుకుపోయింది. అక్కడ ఆగే వీల్లేదు, వెనక్కి తిరిగే వీల్లేదు. దొరికిన కొద్ది గంటల్లోనే తీయాల్సినవన్నీ తీసుకుని తన రికార్డర్లలో దాచుకుంది. మొత్తం 50 గిగాబిట్ల పైచిలుకు సమాచారం, మన లెక్కలో ఆరు జీబీల చిల్లర. ఇంటి ఫైబర్ లైనులో అరగంట పని. దానికి దొరికిన వేగమేమో సెకనుకు ఒకటి రెండు కిలోబిట్లు. పైగా నౌక నుంచి మాట బయల్దేరి భూమికి చేరడానికే నాలుగున్నర గంటలు. కెమెరాలూ, యాంటెన్నా నౌక ఒంటికే బిగించి ఉండటంతో ఫొటో తీసేటప్పుడు మాట్లాడలేదు, మాట్లాడేటప్పుడు తీయలేదు. దాని మాట వినే భూమ్మీది పెద్ద యాంటెన్నాలనైతే మరెన్నో నౌకలతో పంచుకోవాలి. చివరి బిట్ భూమికి చేరింది 2016 అక్టోబర్ 25న. ఆరు జీబీలకి పదిహేను నెలలు!

వాళ్లు ఏం చేశారో చూడండి. ప్లూటోకి మరీ దగ్గరగా వెళ్లేముందే, దారిలో ఏ రాయో తగిలి నౌక పోతే చేతిలో ఏదో ఒకటి మిగలాలని, అప్పటిదాకా తీసినవాటిలో ముఖ్యమైనవి పంపించేశారు. దాటిపోయాక కూడా అతి ముఖ్యమైనవి ముందు రప్పించుకుని మిగతావాటిని వరసలో పెట్టారు. కుళాయి గంటసేపే వచ్చే ఇంట్లో ముందు తాగే నీళ్లు పట్టి, ఆ తర్వాతే తొట్టి నింపుతారు కదా, అదే పద్ధతి. అంతా వచ్చేసిందని సంబరపడి వెంటనే నౌకలోని రికార్డర్లు తుడిచేయలేదు కూడా. వచ్చినది సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకున్నాకే తుడవాలని నియమం పెట్టుకున్నారు.

నౌక ప్లూటోని దాటడానికి పది రోజుల ముందు, జులై 4న, వాళ్లకి గుండె ఆగినంత పనైంది. నౌకతో గంటా ఇరవై నిమిషాల పాటు సంబంధం తెగిపోయింది. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. ప్రధాన కంప్యూటర్ ఒకపక్క పాత డేటాని కుదిస్తూ, అదే సమయంలో ప్లూటో దగ్గర చేయాల్సిన పనుల ఆదేశాల్ని మెమరీలోకి ఎక్కిస్తోంది. రెండు బరువులూ ఒకేసారి మోయలేక చేతులెత్తేసింది. వెంటనే రెండో కంప్యూటర్ బాధ్యత అందుకుని, నౌకని సురక్షిత స్థితిలో ఉంచి భూమికి కబురు పెట్టింది. ఈ ఏర్పాటు ముందే ఉంది కాబట్టి జులై 7కల్లా నౌక మళ్లీ పనిలో పడింది. డౌన్‌లోడ్ నడుస్తుండగా అదే హాట్‌స్పాట్ మీద వీడియో కాల్ మొదలెట్టేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదువుకోవాలి.

ఇక మన ఫోను, మన ల్యాప్‌టాప్. వెబ్ మీద ఫైలు ఇచ్చే సర్వర్లలో చాలావాటిని ‘నా దగ్గర ఇంతవరకు ఉంది, ఆ తర్వాతి ముక్క నుంచి ఇవ్వు’ అని అడగొచ్చు. ఒప్పుకునే సర్వర్ 206 అనే నంబరుతో జవాబిచ్చి మిగతాది మాత్రమే పంపుతుంది. ఒప్పుకోనిదైతే మళ్లీ మొదటి నుంచి మొదలెడుతుంది. ఈ సదుపాయం పాతికేళ్లకు పైగా ఉన్నదే. 1996లో వచ్చిన డబ్ల్యూగెట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి ‘మైనస్ సి’ తగిలిస్తే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. కమాండ్లు టైపు చేయడం ఇష్టం లేకపోతే డౌన్‌లోడ్ మేనేజర్లు ఉండనే ఉన్నాయి. బ్రౌజర్‌లోనూ ‘రెజ్యూమ్’ బటన్ ఉంటుంది. దాని పక్కనుంచే పోయి లింకు మళ్లీ నొక్కుతాం!

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి. క్రోమ్‌లో సగం దిగిన ఫైలు పేరు చివర ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అనీ, ఫైర్‌ఫాక్స్‌లో ‘పార్ట్’ అనీ ఉంటుంది. నొక్కితే తెరుచుకోదు. చెత్త అనుకుని డిలీట్ కొడతారు. మీరు రాత్రంతా దింపుకున్న నాలుగున్నర జీబీలు ఉన్నది అందులోనే! పని సగంలో ఉన్నప్పుడు చూడ్డానికి అందంగా ఉండదు. పూర్తయ్యేదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

లెక్క కట్టకుండా మొదలెట్టడం ఇంకో జబ్బు. ప్లాన్‌లో చెప్పే వేగం మెగాబిట్లలో, ఫైలు పరిమాణం మెగాబైట్లలో. మధ్యలో ఎనిమిది రెట్ల తేడా. సాయంత్రం వీధంతా నెట్ వాడే వేళ మీకు దక్కేది రెండు మెగాబిట్లే అయితే, ఐదు జీబీలు దిగడానికి లైను ఒక్కసారీ తెగకపోయినా ఐదున్నర గంటలు పడుతుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాన్ అయితే ఆ ఫైలు నాలుగు రోజుల పని. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆ వేగంతో ఒక్క జీబీకే దాదాపు 35 గంటలు! ఇవి ముందే తెలిస్తే తెల్లవారుజామున నాలుగింటికి పెట్టుకోవచ్చు, నాలుగు రోజులకి పంచుకోవచ్చు, లేదా మానేయొచ్చు. మానేయడం కూడా మంచి నిర్ణయమే. వంద పాఠాల కోర్సు మొత్తం ఎందుకు? రేపు చదివే రెండు పాఠాలు తక్కువ క్వాలిటీలో చాలు.

చిన్న చిన్న ఉచ్చులు కొన్ని ఉన్నాయి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో నాలుగు జీబీలు దాటిన ఫైలు పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోతుంది, డౌన్‌లోడూ నిద్రపోతుంది. కొన్ని లింకులకి గడువు ఉంటుంది, అది దాటాక కొత్త లింకు తెచ్చుకుని పాత ముక్కకి అతికించాలి. కరెంటు పోయే ఊళ్లో అయితే రౌటర్‌ని ఇన్వర్టర్‌కి కలపండి.

ఫైలు దిగిపోయాక దాన్ని ఒకసారి సరిచూడండి. ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి పెద్ద ఫైళ్లు ఇచ్చేవాళ్లు పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 అని 64 అక్షరాల వరస ఒకటి పెడతారు. విండోస్‌లో ఉన్న ‘సర్ట్‌యుటిల్’ కమాండ్‌తో మీ ఫైలుకీ ఆ వరస తీసి రెంటినీ పోల్చండి. ఒక్క బిట్ మారినా వరస మొత్తం మారిపోతుంది. ఇన్‌స్టాలేషన్ మధ్యలో తెల్లతెర చూసి తల పట్టుకోవడం కంటే ఈ రెండు నిమిషాలు నయం. టోరెంట్‌లో అయితే ప్రతి ముక్కా వచ్చినప్పుడే తనిఖీ అవుతుంది, పాడైన ముక్కనే మళ్లీ తెచ్చుకుంటుంది. టోరెంట్ అనగానే దొంగ సినిమాలు గుర్తొస్తాయి గానీ, లినక్స్ సంస్థలు చాలావరకు తమ ఫైళ్లని ఆ దారిలోనూ అధికారికంగానే ఇస్తాయి.

పట్నంలో ఉన్న స్నేహితుడి దగ్గర దింపించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం నామోషీ అనుకునేవాళ్లకి ఒక సంగతి. 2019 ఏప్రిల్‌లో ప్రపంచం చూసిన తొలి కృష్ణబిలం చిత్రం వెనకున్న డేటా సుమారు ఐదు పెటాబైట్లు. దాన్ని నెట్‌లో పంపలేదు. హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో తెచ్చారు. దక్షిణ ధ్రువంలో 2017 ఏప్రిల్‌లో నింపిన డిస్కులైతే అక్కడి చలికాలం ముగిసి విమానాలు తిరిగేదాకా, ఆ ఏడాది డిసెంబర్ వరకు ఆగాల్సి వచ్చింది. శాస్త్రవేత్తలకి లేని నామోషీ మనకెందుకు?

ఆగిన చోటి నుంచే అందుకునే ఈ అలవాటుని చదువులోకీ తెచ్చుకోండి. ఉద్యోగం చేస్తూ గ్రూప్స్‌కి చదివేవాళ్లకి లైను రోజూ తెగుతూనే ఉంటుంది. పిల్లాడికి జ్వరం, ఆఫీసులో ఆడిట్, ఇంటికి చుట్టాలు. ‘ఈ ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుంటా’ అన్న పథకం సున్నా నుంచి మొదలయ్యే డౌన్‌లోడే. దానికి బదులు అరగంట ముక్కలు చేసుకోండి. లేచే ముందు పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి: ఎక్కడ ఆపారో, మళ్లీ కూర్చోగానే ఏం చేయాలో. ‘రాజ్యాంగ సవరణలు 72 దాకా అయ్యాయి, రేపు 73 నుంచి’ అంటే చాలు. వారానికోసారి పాత ముక్కలు గుర్తున్నాయో లేదో పుస్తకం మూసి సరిచూసుకోండి.

మళ్లీ డౌన్‌లోడ్ సంగతికి వస్తే, పెద్ద ఫైలు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. వంద ఎంబీ దిగాక పాజ్ నొక్కండి. వైఫై ఆపండి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి, రెజ్యూమ్ నొక్కండి. వంద నుంచి సాగితే నిశ్చింతగా వదిలేయండి. సున్నాకి వచ్చిందంటే ఆ లింకుతో రాత్రంతా కుస్తీ పట్టకండి. టోరెంట్ ఉందేమో చూడండి, లేదంటే స్నేహితుడికి ఫోన్ చేయండి.