ఇంజను దీపం చెప్పే మాట

జ్వరం దేహంలో ఎక్కడో వ్యాధి ఉన్నదని తెలిపే లక్షణం. సమర్థుడైన వైద్యుడు జ్వరాన్ని తగ్గించి ఊరుకోడు. దాని మూలాన్ని అన్వేషిస్తాడు. నేటి కారును బాగుచేసే మెకానిక్‌కు కావలసిన వివేకం కూడా అటువంటిదే.

పూర్వం మెకానిక్ ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూచి లోపాన్ని పసిగట్టేవాడు. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఇంధనాన్నీ, నిప్పురవ్వనూ నియంత్రించే బాధ్యతను కంప్యూటర్ క్రమంగా స్వీకరించింది. 1996 నుండి అమెరికాలో కొత్త కార్లకు ‘ఓబీడీ-2’ అనే స్వయంపరీక్షా విధానం తప్పనిసరి అయింది. భారతదేశంలో ఇటువంటి స్వయంపరీక్షా విధానం 2010 నుండి దశలవారీగా అమలులోకి వచ్చింది.

ఇంజనులో లోపం తలెత్తినప్పుడు డ్యాష్‌బోర్డుపై పసుపుపచ్చని దీపం వెలుగుతుంది. స్టీరింగ్ దిగువనున్న 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఒక కోడు కనిపిస్తుంది. ‘పి0301’ అనే కోడునే తీసుకుంటే, ‘పి’ అనే అక్షరం ఇంజను, గేరుబాక్సుల విభాగాన్ని తెలుపుతుంది. దాని పక్కనున్న సున్న, ఈ కోడు అన్ని కంపెనీల కార్లకూ ఒకటేనని సూచిస్తుంది. 3 ఇంధనాన్ని మండించే వ్యవస్థకూ, చివరి 1 ఒకటో సిలిండరుకూ గుర్తులు. ఒకటో సిలిండరులో ఇంధనం సక్రమంగా మండడం లేదని దీని భావం.

కంప్యూటర్ ఈ సంగతిని గ్రహించే తీరు ఆసక్తికరమైనది. సిలిండర్లలో వరుసగా జరిగే ప్రతి దహనమూ క్రాంక్‌షాఫ్టును ముందుకు తోస్తుంది. ఒక సిలిండరు వంతు వచ్చినప్పుడు ఆ వేగం రవ్వంత తగ్గినా సెన్సారు గుర్తిస్తుంది. అయితే ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. స్పార్కు ప్లగ్గు అరిగి ఉండవచ్చు. కాయిల్ చెడి ఉండవచ్చు. ఇంజెక్టరు పూడుకుపోయి ఉండవచ్చు. తీగ దెబ్బతిని ఉండవచ్చు.

తుళ్లూరు నుండి గుంటూరు మిర్చి యార్డుకు నిత్యం బాడుగకు తిరిగే ఒక కారును ఊహించుకోవచ్చు. యజమానికి ఆ కారే జీవనాధారం. ఒకనాడు ఇంజను వణికి, దీపం వెలిగింది. షెడ్డులో స్కానర్ ‘పి0301’ చూపగానే సహాయకుడు, “కాయిల్ పోయింది మేస్త్రీ, కొత్తది వేద్దాం” అన్నాడు.

“యంత్రం ఒకటో సిలిండరు అన్నదిరా, కాయిల్ అనలేదు” అని మేస్త్రి సమాధానమిచ్చాడు.

ప్రతి సిలిండరుకూ వేరుగా కాయిల్ ఉన్న ఇంజను అది. మేస్త్రి ఒకటో కాయిల్‌ను రెండో సిలిండరుకు, రెండోదాన్ని ఒకటోదానికి మార్చి, కోడును చెరిపి బండిని నడిపించాడు. కాయిల్‌దే లోపమైతే కోడు ‘పి0302’గా మారాలి. మళ్లీ ‘పి0301’ వచ్చింది. ప్లగ్గులను మార్చి చూచినా ఫలితం అదే. చివరకు తీగల కట్టను విప్పి పరిశీలించగా, ఒకటో కాయిల్‌కు పోయే తీగను ఎలుకలు కొరికిన గుర్తులు కనిపించాయి. పత్తి నిల్వచేసిన కొట్టం పక్కనే కారు నిలుపుతున్నానని యజమాని చెప్పాడు. తీగను అతికి, తొడుగు వేయగానే ఇంజను కుదుటపడింది. కొత్త కాయిల్ ఖర్చు తప్పింది.

కోడును చెరిపివేస్తే దీపం ఆరుతుంది. లోపం మాత్రం నిలిచి ఉంటుంది. మండని ఇంధనం పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును వేడెక్కించి పాడుచేస్తుంది. తీగతో పోయే పని పెనుభారమవుతుంది. దీపం మిణుకుమిణుకుమంటే ఆ ప్రమాదం సమీపించిందని గ్రహించి, వెంటనే వేగం తగ్గించాలి.

యంత్రం అనుమానాన్ని మాత్రమే చెప్పగలదు. పరీక్షించి నిజాన్ని తేల్చేది మనిషి బుద్ధి. ఎదుటివాని కష్టార్జితాన్ని వృథా చేయకుండా కాపాడేది అతని నిజాయితీ.

ప్రశ్నలు
1. ‘పి0301’ అనే కోడులోని భాగాలను వివరించండి.
2. మేస్త్రి కాయిల్‌లను తారుమారు చేయడంలోని ఆంతర్యమేమిటి?
3. కోడును చెరిపివేయడం మరమ్మతు ఎందుకు కాదు?