యంత్రానికి ఉన్న హద్దు మనకు లేదా?

'ఆర్మర్డ్ కోర్ 6' 2023లో విడుదలైన వీడియో గేమ్. ఇందులో పోరాట యంత్రానికి తల, చేతులు, కాళ్ళు, ఆయుధాలు, జనరేటర్ ఆటగాడే ఎంచుకొని బిగిస్తాడు. ఓడితే భాగాలు మార్చి మళ్ళీ దిగవచ్చు. అందుకే "ఇంకొక్కసారి" అనిపిస్తుంది, నిద్రవేళ దాటిపోతుంది.

జనరేటర్ శక్తికి మించి భాగాలు బిగిస్తే ఆ యంత్రం బయలుదేరదు. శరీరం అలా ముందుగా ఆపదు; తరువాత బాధిస్తుంది.

కాబట్టి:

1. ఆపే సమయం ముందే నిర్ణయించుకోండి. "గెలిచాక ఆపుతాను" అనుకోవద్దు.
2. 20 నిమిషాలకొకసారి 20 సెకన్లు దూరంగా చూడండి.
3. 13-18 ఏళ్ళవారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం.

చదువు, పని పాడవుతున్నా ఆట మానలేకపోతే డాక్టరును సంప్రదించండి. ఇందులో సిగ్గుపడవలసినది లేదు.