పెట్టె వెనక చిన్న అక్షరాలు

లావణ్యా,

నువ్వు పార్లర్‌లో చేరావని అక్క ఫోన్‌లో చెప్పింది. "చదువు ఎలాగూ అబ్బలేదు, చేతిపనైనా నేర్చుకుంటుంది" అంది. ఆ మాటకు నేను ఒప్పుకోను. చదవడం, రాయడం, అడగడం లేకుండా మన పని ఒక్క పూట నడవదమ్మా.

కలర్ ట్యూబు మీద 5.3 అని ఉంటుంది చూడు. చుక్కకు ముందు అంకె రంగు ఎంత ముదురో చెబుతుంది. 1 అంటే నలుపు, అంకె పెరిగేకొద్దీ లేతబడుతుంది. చుక్క తర్వాతది ఛాయ. చాలా కంపెనీల్లో 3 అంటే బంగారు ఛాయ. రంగులో కలిపే డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే పెరాక్సైడ్ 6 శాతం, 40 అయితే 12. తెల్లవెంట్రుకలకు మామూలుగా 20 చాలు. ఎంతకు ఎంత కలపాలన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లోపలి కాగితం విప్పి చదివాకే గిన్నె తీసుకో.

ముందువైపు 'అమోనియా లేదు' అని పెద్దగా వేస్తారు. నువ్వు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో పారాఫినిలీన్‌డయామిన్ ఉందేమో వెతుకు. దద్దుర్లకూ ముఖం వాపుకూ ఎక్కువగా అదే కారణం. 48 గంటల ముందు కాస్త రాసి చూడమని చాలా పెట్టెల మీద ఉంటుంది. రేపు పెళ్లనగా వచ్చి కలర్ వేయమనేవాళ్లకు ఆ వాక్యం వేలుపెట్టి చూపించి, తెలుగులో చెప్పు. నీ మాట కన్నా అచ్చులో ఉన్నదాన్నే త్వరగా నమ్ముతారు.

వ్యాక్సింగ్‌కు ముందు "ఒంట్లో బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "ఈ ఆరు నెలల్లో మొటిమలకు మాత్రలు వాడారా?" అని విడిగా అడుగు. వాటిలో ఐసోట్రెటినాయిన్ అనేది వాడినవాళ్లకు వ్యాక్స్‌తోపాటు చర్మం ఊడివచ్చే ప్రమాదముంది. మాత్ర పేరు గుర్తులేదంటే మందుచీటీ చూపించమను.

ఒక నోటుబుక్కు కొనుక్కో, మనిషికో పేజీ. తేదీ, ట్యూబు నంబరు, డెవలపర్, ఎన్ని నిమిషాలు ఉంచావో రాయి. వచ్చినావిడ అన్న మాట ఆవిడ మాటల్లోనే రాయి. "కిందటిసారి ఎండలో ఎర్రగా కొట్టింది" అని ఉంటే ఈసారి ఛాయ మార్చాలని తెలుస్తుంది. 'నచ్చలేదు' అని రాసుకుంటే ఏం తెలుస్తుంది? ఆ పుస్తకంలో వాళ్ల మందుల సంగతి కూడా ఉంటుంది, కౌంటర్ మీద వదిలేయకు.

ఇంగ్లిషు పేర్లు కూడబలుక్కోలేకపోతే పెట్టె ఫొటో వాట్సాప్‌లో పంపు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించాక ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ పిన్ని