పట్టేసిన సైలెన్సర్ నట్టు విప్పడం ఎలా?

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బైకుల్లో సైలెన్సర్ గొట్టం ఇంజిన్‌కు కలిసే చోట రెండు నట్లుంటాయి. ఇవాళ మన పని వాటితోనే. రోజూ వేడికి కాగి, వానకు తడిసి, బురద మెత్తుకుని కొన్నేళ్లకు అవి స్టడ్డును, అంటే తాము ఎక్కిన మరల కడ్డీని, పట్టేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా ముందే పట్టేస్తాయి. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. మరల మధ్య ఉండాల్సిన సన్నని సందును ఆ తుప్పు పూడ్చేస్తుంది. ఆ తుప్పు వదలకముందే పానా మీద బలం పెడితే స్టడ్డు తెగుతుంది. అందుకే ఈ పనికి ఒక రాత్రి గడువు పెట్టుకుందాం.

కావలసినవి

ఆరు మూలల సాకెట్ (ఎక్కువగా 10 నంబరు పడుతుంది), ఇనుప తీగల బ్రష్షు, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే, చిన్న సుత్తి, కళ్లద్దాలు. చాలాసార్లు ఇవే సరిపోతాయి. స్టడ్డు విరిగితే వైస్ గ్రిప్, సెంటర్ పంచ్, డ్రిల్లింగ్ మిషన్, ఈజీ అవుట్ (విరిగిన ముక్కను లోపలినుంచి పట్టి తిప్పే పనిముట్టు), 6 మి.మీ. ట్యాపు కావాలి. వాటిని ముందే కొననక్కర్లేదు.

చేసే పద్ధతి

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాక నట్టునూ, బయటికి కనిపించే మరలనూ బ్రష్షుతో రుద్దుదాం. మట్టి ఉంటే నూనె లోపలికి దిగదు.

2. నట్టు, స్టడ్డు కలిసే అంచున స్ప్రే కొట్టి, నట్టు పక్కల మీద సుత్తితో పది పన్నెండు చిన్న దెబ్బలు వేద్దాం. ఆ అదురుకు తుప్పు పగులుతుంది, నూనెకు దారి దొరుకుతుంది. స్టడ్డు కొసమీద మాత్రం కొట్టొద్దు, మరలు చెడతాయి. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి ఇలా చేసి తెల్లారేదాకా వదిలేద్దాం.

3. ఇప్పుడు దిశ చూసుకుందాం. ఈ బైకుల్లో సిలిండర్ ముందుకు పడుకున్నట్టు ఉంటుంది, నట్లు నేలవైపు చూస్తుంటాయి. పైనుంచి వంగి చూస్తూ తిప్పితే దిశ తారుమారవుతుంది. విప్పుతున్నామనుకుని బిగించేస్తాం. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది మొదటి స్టడ్డు విరగ్గొట్టింది ఇలాగే. కింద కూర్చుని, నట్టు ముఖం చూస్తూ, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి.

4. సాకెట్‌ను అడుగుదాకా దించుదాం. ముందు వెంట్రుకవాసి బిగించే వైపు నొక్కి, తర్వాత విప్పే వైపు లాగుదాం. టక్కుమంటే తుప్పు వదిలినట్టే. అప్పుడు ఒక్కసారిగా విప్పేయొద్దు. పావు చుట్టు ముందుకు, కాస్త వెనక్కి, మళ్లీ నూనె, మళ్లీ పావు చుట్టు. కీచుమని మోగితే ఆగి నూనె వేద్దాం. టక్కుమనకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే వదిలేయాలి. అక్కడ తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్డు మెలిపడుతోంది.

5. అప్పటికీ కదలకపోతే వేడి పెడదాం. ముందు పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టాలి, కార్బురేటర్ ఉన్న బైకైతే అందులో మిగిలినది కూడా వంపేయాలి. స్ప్రే మంటకు అంటుకుంటుంది కాబట్టి తుడిచేయాలి. మంట కన్నా వేడిగాలి గన్ను మేలు. నట్టును కాల్చి, వేడి మీదే తిప్పుదాం. నట్టుతోపాటు స్టడ్డే ఊడివస్తే బెంగ వద్దు, కొత్తది వేసుకోవచ్చు.

స్టడ్డు విరిగితే

6. ముక్క బయటికి పొడుచుకుని ఉండి, మరలు బాగుంటే వాటి మీదికి రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి గట్టిగా బిగిద్దాం. తర్వాత లోపలి నట్టును విప్పే వైపు తిప్పితే స్టడ్డు కూడా తిరుగుతుంది. చోటు లేకపోతే వైస్ గ్రిప్‌తో పట్టుకుందాం. ఈసారి స్టడ్డు చుట్టూ ఉన్న అల్యూమినియం సిలిండర్ హెడ్డును వేడిచేయాలి. అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది.

7. హెడ్డు మట్టానికి తెగితే ఆకురాయితో చదును చేసి, సరిగ్గా మధ్యలో పంచ్ గుర్తు పెట్టాలి. ఇక్కడ అరగంట పట్టినా పరవాలేదు. గుర్తు పక్కకు జరిగితే బిట్టు మెత్తని అల్యూమినియంలోకి జారుతుంది. మొదట 2 మి.మీ., తర్వాత 3 మి.మీ. బిట్టుతో, నూనె వేస్తూ, మెల్లగా రంధ్రం చేసి ఈజీ అవుట్‌ను ఎదురు దిశలో తిప్పుదాం. అది మొరాయిస్తే చాలించాలి. ఈజీ అవుట్ గట్టి ఉక్కు. లోపల విరిగితే మామూలు బిట్టు దాన్ని కోయలేదు. వెల్డింగ్ షాపులో ముక్క మీద నట్టు అతికించి తీస్తారు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి.

8. ట్యాపుతో మరలు శుభ్రంచేసి కొత్త స్టడ్డు, కొత్త ప్యాకింగ్, కాపర్ గ్రీజు రాసిన నట్లు వేద్దాం. రెండింటినీ మార్చిమార్చి బిగించాలి.

తరచూ జరిగే తప్పులు

చేతికందిందని 10 నట్టుకు 11 పానా వేయడం. మూలలు అరిగి గుండ్రమయ్యాక ఏ పానా పట్టదు.

పానా పిడికి పైపు తొడిగి లాగడం. లారీ చక్రం నట్టుకు అది చెల్లుతుంది, 6 మి.మీ. స్టడ్డుకు చెల్లదు.

అన్ని మరలూ ఒకే దిశ అనుకోవడం. సైకిలు ఎడమ పెడలు ఎదురు మర. కదలని ప్రతిచోటా ఆ అనుమానం పడాలి.

బిగించి మరిచిపోవడం. ఒకసారి బైకు నడిపి, చల్లారనిచ్చి, నట్లను మళ్లీ చూసుకోండి. కొత్త ప్యాకింగ్ నలిగాక అవి కొద్దిగా వదులవుతాయి.