మరువబడని కలివికోడి

చదువవలసిన భాగములు: యోబు 12:7-10, లూకా 12:6-7, లూకా 15:8-10



జనవరి మాసపు తెల్లవారుజామున పొలమునకు పోవు మనకు చిట్టడవి క్రొత్తది కాదు. గడ్డిమీద మంచు, ముండ్లపొదలలో కౌజుల కూత, ఇసుకమీద కుందేటి అడుగులు మనము దినదినము చూచుచునే యున్నాము. అయితే చూచుట వేరు, గమనించుట వేరు. మృగములను, పక్షులను అడిగి నేర్చుకొనుమని యోబు తన స్నేహితునితో చెప్పెను. ఈ నెల మనము కడప జిల్లా చిట్టడవిలోని యొక పక్షిని అడుగుదము.

దాని పేరు కలివికోడి. కలివిపొదల చెంత తిరుగును గనుక ఆ పేరు వచ్చినదందురు. పావురమంత యుండును. గోధుమ వన్నె, పెద్ద కన్నులు, పొడుగు కాళ్లు, రొమ్మున రెండు పట్టెలు దాని గురుతులు. పగలు పొదల నీడను కదలక యుండి, రాత్రివేళ పురుగులను ఏరుకొని తినును. జెర్డన్ అను వైద్యుని మూలముగా 1848లో ఇది శాస్త్రజ్ఞులకు తెలిసినది. 1900లో లండన్ మిషనుకు చెందిన హోవర్డ్ కాంబెల్ దొరగారు అనంతపురము దగ్గర దీనిని చూచిరి. ఆ తరువాత 86 సంవత్సరములు ఏ శాస్త్రజ్ఞునికిని అది కనబడలేదు. ఈ జాతి నశించినదని అనేకులు తలంచిరి.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు లంకమల కొండల క్రింద, రెడ్డిపల్లె దగ్గర దానిని మరల కనుగొనిరి. ఎట్లనగా, వారు పల్లెలవారికి బొమ్మ చూపి అడిగిరి. ఆ ప్రాంతపు వేటగాడొకడు దానినెరుగును. అతడే రాత్రివేళ వెదకి పట్టి తెచ్చెను. అయితే చేత చిక్కిన ఆ పక్షి బ్రదుకలేదు.

ఇందులో మనకు మూడు పాఠములున్నవి.

మొదటిది: కనబడనిదెల్ల నశించినది కాదు. పక్షి అక్కడనే యుండెను. అది బయలుదేరు గడియ మనకు తెలియలేదు. రెండు కాసులకు అమ్మబడు పిచ్చుకలలో ఒకటియైనను దేవునియెదుట మరువబడదని ప్రభువు చెప్పెను. మన లెక్కలో లేని 86 ఏండ్లును అది ఆయన లెక్కలో నుండెను.

రెండవది: వెదకువాడు అడుగవలెను. పెద్ద గ్రంథములలో దొరకని సంగతి అడవి త్రోవలెరిగిన యొక పల్లెవాని నోట దొరకెను. సంఘములో చదువులేని ముసలమ్మ యెరిగిన సంగతిని పెద్దలు ఎన్నిసార్లు అడుగక విడిచిరి!

మూడవది: దొరకిన దానిని కాపాడవలెను. ముండ్లపొదల నేలను మనము పనికిరాని నేల యందుము. పొదలన్నియు కొట్టివేసిన ఆ పక్షికి చాటు లేదు; మిక్కిలి దట్టమైన పరుగెత్తుటకు చోటు లేదు. 1988లో అచ్చటి అడవి లంకమల్లేశ్వర అభయారణ్యమాయెను. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికి రాగా పని నిలిచెను. తరువాత కాలువకు దారి మార్చిరి. రైతునకు నీరు కావలెను, పక్షికి పొద కావలెను. ఓపికతో వెదకినప్పుడు రెంటికిని త్రోవ దొరకెను.

ప్రియులారా, మన సంఘపు పుస్తకములో పేరుండి ఆరాధనలో కనబడనివారు లేరా? రాత్రి గొఱ్ఱెల మందయొద్ద పండుకొను కాపరి, కూలికి పొరుగూరు పోయిన కుటుంబము, మంచము పట్టిన విధవరాలు. వారు చల్లారిపోయిరని తీర్పు తీర్చుటకు ముందు, వారుండు చోటికి, వారికి వీలైన గడియలో మనము పోయితిమా? పోయినప్పుడు చేజిక్కించుకొనుటకు కాక, ప్రేమించుటకు పోయితిమా?

ఆలోచించుటకు:
1. మూడు నెలలుగా మనకు కనబడని విశ్వాసి యెవరు?
2. అతని సంగతి యెవరినడిగిన తెలియును?
3. మన యూరి చిట్టడవిలో మనము గమనింపక నరుకుచున్నదేమి?

ప్రార్థన: పిచ్చుకను మరువని తండ్రీ, మేము మరచినవారిని మాకు జ్ఞాపకము చేయుము. దీపము వెలిగించి వెదకు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.