మట్టి బాక్టీరియా: తెగిపోయే కొసలు, పెరిగిపోయే ప్రతులు

మన వైద్య శిబిరాలకు దాతలు కొనిచ్చే మందుల్లో డాక్సీసైక్లిన్ తరచుగా ఉంటుంది. దాని ముడిసరుకును తయారుచేసేది స్ట్రెప్టోమైసిస్ రిమోసస్ అనే మట్టి బాక్టీరియా. తొలకరి వాసన వచ్చేది ముఖ్యంగా ఈ జాతి వల్లనే. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ దొరికింది కూడా ఇందులోనే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ సంస్థ 1948లో వెలువరించిన ఆరియోమైసిన్ కూడా ఈ జాతి ఇచ్చినదే.

ఇంత ఉపకారికి ఒక చిక్కు ఉంది. దాని జన్యువులకు నిలకడ లేదు.

చాలా బాక్టీరియాల క్రోమోజోము గాజులా గుండ్రంగా ఉంటుంది. దీనిది మాత్రం రెండు కొసలున్న దారం. బతకడానికి తప్పనిసరైన జన్యువులు నడుమ ఉంటాయి. సుమారు 80 లక్షల డీఎన్‌ఏ అక్షరాల్లో కొసల నుంచి 20 లక్షల దాకా తెగిపోయినా ప్రాణం పోదు! సంఘం జమాఖర్చుల పుస్తకంలో చివరి పేజీలు చిరిగినా లెక్కలు నడిచినట్టన్నమాట.

పేజీలు చిరిగిన ఆ పుస్తకంలోనే ఒక్కోసారి ఒకే పేజీకి వందల ప్రతులు చేరతాయి. దీన్నే డీఎన్‌ఏ విస్తరణ అంటారు. స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్‌లో సుమారు 5,700 అక్షరాల ముక్క ఒకటి ముందే రెండుసార్లు పక్కపక్కన ఉంటుంది. నకలు తీసేటప్పుడు ఒకదాని బదులు రెండోదానితో జత కుదిరితే, ఆ పొరపాటు మళ్లీ మళ్లీ పెరిగి వందల ప్రతులవుతుంది. మామూలు జన్యుమార్పు లక్షల్లో ఒకటి. ఇక్కడ మొదటి మార్పు నూటికి అర నుంచి ఒకటి. అలా మారినవాటిలో తరువాతి మార్పు నూటికి పాతిక దాకా.

దీని భారం మందుల కర్మాగారాలదే. రిమోసస్‌లో మందు తయారీ జన్యువులే ఊడిపోయిన రకాలు కనబడ్డాయి. అవి చూడటానికి బాగానే పెరుగుతాయి, మందు మాత్రం ఇవ్వవు. అందుకే మూల విత్తనాన్ని గడ్డకట్టించి దాస్తారు. పదేపదే తిరిగి పెంచరు. రైతు విత్తనాల గాదె జోలికి పోనట్టే.

ఇది కేవలం లోపమేనా? 2020లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు మరో స్ట్రెప్టోమైసిస్‌ను పరిశీలించారు. కొసలు పోగొట్టుకున్న కణాలు ఎక్కువ యాంటీబయాటిక్‌లు తయారుచేస్తున్నాయి, సిద్ధబీజాలు మాత్రం తక్కువ పెడుతున్నాయి. అంటే గుంపులో కొన్ని తమ సంతతిని వదులుకుని శత్రువుల నుంచి మిగతావాటిని కాస్తున్నాయని వారి వివరణ.