దేశము, చలనము, అభేదము

చిక్కడపల్లినుండి నారాయణగూడకు మెట్రో బండిలో పోవువారు ఒక గొప్ప తత్త్వవివాదమును ప్రతిదినము అనుభవించుచున్నారు. 2020వ సంవత్సరమున తెఱవబడిన యా మార్గమున బండి కుదుపు లేక సమవేగముతో తిన్నగా సాగునపుడు, కనులు మూసికొన్నవాడు తాను కదలుచున్నాడో లేదో యెఱుంగజాలడు. బండి ఆగునపుడు లోపలివారు ముందునకు తూలుదురు. వేదికపై నిలిచినవారు తూలరు. దేనినిబట్టి మనము కదలితిమి?

న్యూటను 1687లో ప్రకటించిన ప్రిన్సిపియా గ్రంథమున, వస్తువులకు వేఱై నిశ్చలమైన దేశము గలదనియు, నిజమైన చలనము దానినిబట్టియే యేర్పడుననియు చెప్పెను. ఆయన సాక్ష్యము నీటిబొక్కెన. మెలిపెట్టిన త్రాటికి వ్రేలాడు బొక్కెనను విడిచినచో, మొదట బొక్కెనయే తిరుగును. నీరు సమముగా నుండును. పిదప నీరును దానితో గూడ తిరుగును. అప్పుడు రెంటికిని పరస్పర చలనము లేకున్నను, నీరు అంచులయొద్ద పైకెక్కి నడుమ గుంటపడును. కావున బొక్కెననుబట్టి కలిగిన చలనము గుంటకు కారణము గాదు.

లైబ్నిజు 1715, 1716 సంవత్సరములలో, న్యూటను పక్షము వహించిన క్లార్కునకు వ్రాసిన లేఖలలో దీనిని ప్రతిఘటించెను. ఆయన మతమున దేశమనగా వస్తువుల పరస్పర క్రమమే. విశ్వమంతయు ఒక్కమాఱుగ కొంత దూరము తూర్పునకు జరిగినదనుకొందము. అశోక్‌నగరునకును నారాయణగూడకును నడుమ దూరము మాఱునా? ఏ పరీక్షయైనను భేదము చూపునా? చూపనిచో అవి రెండు విశ్వములు గావు, ఒక్కటియే. ఏ లక్షణముచేతను వేఱుపఱుపరానివి రెండు గావని ఆయన సిద్ధాంతము.

న్యాయస్థానముల కలవాటుపడిన మేము ఉభయపక్షముల సాక్ష్యమును వేఱువేఱుగ తూచుచున్నాము. బొక్కెన భ్రమణమును రుజువుచేయుచున్నదిగాని నిశ్చలస్థానమును చూపుట లేదు. సమవేగముతో తిన్నగా సాగు స్థలమునకును నిలిచిన స్థలమునకును లోపల భేదము కానరాదని ప్రిన్సిపియాయే యంగీకరించుచున్నది. లైబ్నిజు తన కడపటి లేఖలో నిజమైన చలనమునకును కేవల స్థితిభేదమునకును అంతరము గలదని యొప్పుకొనెను. బొక్కెనకు తృప్తికరమైన సమాధాన మియ్యకయే 1716 నవంబరులో మరణించెను.

నక్షత్రాది దూరవస్తువులనుబట్టి తిరుగుటయే గుంటకు కారణము గావచ్చునని 1883లో మాఖు సూచించెను. 1905లో ఐన్‌స్టయిను నిశ్చలదేశము అనవసరమని త్రోసివేసెను. అయినను ఆ సిద్ధాంతమున వేగపు మార్పు నిజమైన భేదముగానే నిలిచినది. ఇట్లు ఇరువురి వాదములలోను రుజువైన భాగము మాత్రమే మిగిలినది.

అశోక్‌నగరులో కుర్చీపై కదలక కూర్చున్నవాడు భూభ్రమణమువలన గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు పోవుచున్నాడు. "నేను నిశ్చలముగా నున్నాను" అని ఎవడైన పలికినప్పుడు, దేనినిబట్టి యని మొదట ప్రశ్నింపవలెను.